ఆదివారం సర్వేలో ఒక్క ఓటు

పక్కింటి అంకుల్ పోయారని మంగళవారం మధ్యాహ్నం వార్డులో ఉండగా తెలిసింది. ఎదురింటావిడ ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చింది కానీ వాళ్ళు చేసేదేమీ లేకపోయిందని చెప్పింది. నేను డాక్టర్ని. అలాంటి మాటలు ఇంకొకరికి చెప్పడం నా ఉద్యోగంలో భాగం. ఆ రోజు వినడం నా వంతయింది.

ఆయనదీ మా వృత్తే. ఇంగ్లండులో, మేమున్న ఈ షెఫీల్డ్‌లోనే ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరుగా చేసి రిటైరయ్యారు. తెనాలి మనిషి. ఆంటీ పోయి చాలాకాలమైంది, ఒక్కతే కూతురు లండన్ వైపు ఇల్ఫర్డ్‌లో ఉంటుంది. నేను గుంటూరు నుంచి వచ్చి ఆయన పక్కన ఒంటరిగా ఇల్లు తీసుకున్న కొత్తలో మా ఇద్దరికీ స్నేహం కలిపింది, చెబితే నవ్వుతారు, అమెరికా అధ్యక్ష ఎన్నికలు.

ప్రతి ఆదివారం పదింటికి తలుపు తట్టేవారు. నా డ్యూటీల రోటా సంగతి తెలుసు కనుక ఇంట్లో పాలుండవని ఆయనే ఒక సీసా తెచ్చేవారు. టీ చేతిలోకి వచ్చాక అమెరికాలో ఆ వారం పెట్రోలు ధర ఎటు పోయిందో, సర్వేల్లో ఎవరు లేచారో, ఎవరు పడ్డారో చెప్పి, చివర్లో నా ఓటు చమురు వైపు మనిషికా, గాలి కరెంటు వైపు మనిషికా అని అడిగేవారు.

“ఏమ్మా, ఈ వారం నువ్వెటు? పెట్రోలా, గాలిమరా?”

“ఇంకా తేల్చుకోలేదంకుల్.”

“నీలాంటివాళ్ళ వల్లే సర్వేలన్నీ చెడేది.”

అమెరికా గొడవ మనకెందుకని ఒకసారి అడిగాను. “పక్కింట్లో పొయ్యి రాజేస్తే పొగ మనింట్లోకి రాదా? వాళ్ళు చమురు గురించి ఏం తేలిస్తే అదే మన బంకు బోర్డు మీద కనబడుద్ది” అన్నారు. గాలి, ఎండ నుంచి వచ్చే కరెంటు మీద ఆయనకి గట్టి నమ్మకం. మబ్బు వదలని ఊళ్ళో ఇంటిమీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించుకుని వీధంతా నవ్వితే తనూ నవ్వారు. ఓటర్ల మీద మాత్రం భ్రమల్లేవు. “గాలిమర మంచిదేనని అందరూ తలూపుతారమ్మా. ఓటు మాత్రం బంకు దగ్గరే వేసేస్తారు.” సర్వేలు నమ్మొచ్చా అంటే, “జ్వరం చార్టు లాంటివి. అది చూసి రోగి బతుకుతాడో లేదో చెప్పలేం. చూడకుండా ఉండనూ లేం” అనేవారు.

పోయిన శీతాకాలం నాకు వరసగా నైట్ డ్యూటీలు పడ్డాయి. ఆదివారం పొద్దున ఇంటికొచ్చి పడుకుంటే చాలనిపించేది. అప్పుడన్నాను, “ఎందుకంకుల్ ఈ చలిలో మీకు శ్రమ? వాట్సాప్‌లో పెట్టేయండి, చూసి చెప్తాను.”

మా వైపు పెద్దవాళ్ళని రావద్దని ఎవరూ అనరు. ‘ఎందుకు శ్రమ’ అంటారు. ఆయనా మా వైపు మనిషే. “అలాగేనమ్మా” అన్నారు. కప్పు కడిగి బోర్లించి వెళ్ళారు. మళ్ళీ తలుపు తట్టలేదు.

మెసేజీలు వచ్చేవి. నేను బొటనవేలు బొమ్మ పెట్టేదాన్ని, కొన్ని వారాలు అదీ లేదు. చివరిది ఇలా ఉంది: “అక్కడ పెట్రోలు దిగింది. కుర్చీలో ఉన్న పెద్దాయన సర్వేల్లో కొంచెం లేచాడు. నువ్వెటు?” ఆ ప్రశ్నకీ నేను పెట్టింది బొటనవేలే. రోటా మారి నైట్లు తగ్గాక కూడా రమ్మని పిలవలేదు. బద్ధకం, అంతే. దానికి వేరే పేరు పెట్టుకోదలచుకోలేదు.

అంత్యక్రియలయ్యాక ఆయన కూతురు నా దగ్గరకొచ్చింది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది ఇంగ్లీషే. నా రెండు చేతులూ పట్టుకుని “థాంక్యూ ఫర్ ద సండేస్” అంది. నాన్న ప్రతి ఆదివారం మీ ఇంట్లోనే టీ తాగుతున్నానని చెప్పేవారట, మొన్నటి ఆదివారం కూడా. పెట్రోలు మీద మీ ఇద్దరికీ పెద్ద వాదన జరిగిందని చెప్పి నవ్వారట. మీరున్నారని ధైర్యంగా ఉండేదాన్ని, మీ కబుర్లకి అడ్డు రాకూడదని ఆదివారం పన్నెండు దాటేదాకా ఫోన్ కూడా చేసేదాన్ని కాదు, అంది.

నాలుగు నెలలుగా ఆయన మా గడప తొక్కలేదని ఆ అమ్మాయికి చెప్పలేకపోయాను. చేతులు పట్టుకోనిచ్చాను. కూతురు బెంగపడకూడదని ఆయన ఆడిన అబద్ధం వల్ల ఆ రెండు గంటలు ఆయనకి ఆ ఫోన్ కూడా లేకుండా పోయింది.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో అందరికీ టీ పెడదామని వంటింట్లోకి వెళ్ళాను. బల్ల దగ్గరి కుర్చీల్లో ఒకటి కిటికీ పక్కకి జరిపి ఉంది. కాసేపు అందులో కూర్చున్నాను. అక్కణ్ణుంచి కనిపించేది మా వంటింటి కిటికీ ఒక్కటే. దానికి బ్లైండ్ తెర దించేసి ఉంది.