జాడీ మీద రైయోలైట్

రమణా, నిన్న నా ఊరగాయ ఫొటో కింద "జాడీ మీది గ్రానైట్ రాయి బాగుంది పెద్దమ్మా" అని రాశావు. అది గ్రానైట్ కాదు, రైయోలైట్. చల్లారి గట్టిపడ్డ లావా. జియాలజీలో పరిశోధన చేస్తున్న నా మనవరాలు సునీత ఇవాళ భోజనానికి వచ్చి తేల్చి చెప్పింది. వందల కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ అగ్నిపర్వతాలు మండేవట. మే నెలలో మాకా సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"అమ్మమ్మా, ఇది జర ఇస్తవా? పొడి చేసి చూస్తే, భూమి పలకల్ల ఏది దేని కిందికి దూరితే పుట్టిందో తెలుస్తది."

పెళ్లయిన కొత్తలో, ఉప్పులో ఊరే మామిడి ముక్కలు తేలుతున్నాయని అన్నందుకు, మా ఆయన జాడీ మూతి కొలిచిన దారం పట్టుకుని దుమ్ముగూడెం వాగంతా వెతికి, వాటిని లోపల అదిమి ఉంచడానికి తెచ్చిన రాయి అది. ఆయన పోయారు, రాయి ఉంది.

"మీ తాత తెచ్చిండే. రోట్ల నన్నేసి దంచు, దాన్ని ముట్టకు."

సునీత రాయిని వాసన చూసింది. "ఎప్పుడూ ఉప్పులనే ఉంటదా?"

"నా పెండ్లయిన సంది."

"అయితే పనికిరాదు. సోడియం లెక్కంతా తప్పుతది. నీ ఊరగాయ పుట్టుక తెలుస్తది గానీ, రాయిది తెల్వదు."

నాది ఉప్పెక్కువ వేసే చెయ్యి అని ఆయన బతికినన్నాళ్లూ సణిగారు. చివరికి ఆయన రాయిని కాపాడింది ఆ ఉప్పే. మీ ఇళ్లలోనూ ఇలాంటి రాళ్లుంటే చెప్పండి.

రమణా, రేపు దుమ్ముగూడెం వెళ్తున్నావుగా. ఆ వాగులో ఇలాంటివే పిడికిలంత రాళ్లు రెండు ఏరి, చోటు రాసిన కాగితం చుట్టి సునీతకు తెచ్చివ్వు. నీ టిఫిన్ క్యారేజీ సంచిలో మాత్రం వేయకు.