మిరప కల్లంలో భూగోళం

తొంభైల చివరి మాట. మా ఏడో తరగతి సోషల్ పుస్తకంలో ప్రపంచ శీతోష్ణస్థితి ప్రాంతాలని ఒక పాఠం ఉండేది. వీటిలో మనుషులు ఉండడానికి ఏది అనుకూలమని టీచరుగారు అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో ఎడారి అన్నాం. పర్చూరు పక్కన నల్లరేగడి పల్లె మాది. పాఠం జరిగింది ఫిబ్రవరిలో, అందరి మిరపకాయలూ కల్లాల్లో ఆరబోసి ఉన్నప్పుడు. మా లెక్క మాకుంది. భూమధ్యరేఖ దగ్గర రోజూ సాయంత్రం వాన, కాబట్టి పనికిరాదు. టండ్రాలో ఎండే సరిగా ఉండదు, కాయ బూజు పట్టిపోతుంది. మధ్యధరా ప్రాంతంలో చలికాలమే వానాకాలమని విని, సరిగ్గా కోతలప్పుడు ఈ వానలేంటని ముక్కున వేలేసుకున్నాం. ఎడారిలో అయితే కాయ చిటికెలో గలగలమంటుంది.

టీచరుగారు చినుకు కోసం మొహం వాచే కనిగిరి వైపు మనిషి. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మరి తాగడానికేం చేస్తార్రా?" అన్నారు. కాలవ నీళ్ళు చూసి పెరిగినవాళ్ళం, అది మాకు తట్టనే లేదు.

ఆ నవ్వుల్లో నేను పూర్తిగా కలవలేకపోయాను. మా ఊరి బడి ఏడుతో సరి. ఎనిమిదికి పర్చూరు వెళ్ళాలి. ఆడపిల్లకి ఇక చాలు, కోతలకి పంపుదామని నాన్న అప్పటికే అనేసుకున్నాడు. సంగతి తెలిసి టీచరుగారు ఒక సాయంత్రం నేరుగా మా కల్లానికే వచ్చారు.

ఆవిడ నోరు తెరిచేలోపే మబ్బు కమ్మింది. మొదటి చినుకు పడగానే అలవాటు కొద్దీ ఆవిడ ముఖం విప్పారింది, అరచెయ్యి చాచి నిలబడ్డారు. అదే చినుక్కి నాన్న ముఖం మాడిపోయింది. తడిస్తే ఎర్రకాయ తెల్లబడి తాలుగాయ అవుతుంది, ఏడాది కష్టం మట్టిపాలు.

"టీచరుగారూ, ముందు ఆ పట్ట అంచు పట్టుకోండి," అన్నాడు నాన్న.

ఆవిడ నాలిక కరుచుకుని, కొంగు దోపి, మాతోపాటు పట్ట లాగారు. కాయంతా కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్ళు పెట్టి అందరం పాకలో చేరాం. ఘాటుకి ఆవిడ చేతులు మండుతుంటే అమ్మ కొబ్బరినూనె ఇచ్చింది. అది రాసుకుంటూ ఆవిడ నా చదువు మాట ఎత్తారు.

"చదివితే వాన ఆగుద్దాండి?" అని అడిగాడు నాన్న. అందులో వెటకారం లేదు, అలసటే ఉంది.

"ఆగదండి. మీరు వద్దంటారు, మా నాన్న రావాలంటాడు. అది ఇద్దరి మాటా వినదు. అందుకే నన్ను చదివించాడు. వాన పడినా పడకపోయినా ఇవాళ మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది."

నాన్న వాన వెలిసేదాకా మబ్బు వంకే చూస్తూ కూర్చున్నాడు.

మరుసటి ఏడాది ఆవిడకి బదిలీ అయింది. ఎక్కడున్నా చల్లగా ఉండాలని ఇప్పటికీ కోరుకుంటాను, ఆవిడ రుణం తీరేది కాదు. నాన్న రుణం కూడా అంతే. ఆ జూన్‌లోనే నన్ను సైకిలెక్కించుకుని పర్చూరు హైస్కూలుకి తీసుకెళ్ళాడు. చేర్పించడం అయిపోయాక, గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కి వచ్చి హెడ్మాస్టరుగారి ముందు నిలబడ్డాడు.

"కోతలప్పుడు నా బుద్ధి ఎట్టుంటదో నేను చెప్పలేనండి. మజ్జలో నేనే వచ్చి పిల్లని పంపమన్నా పంపబాకండి," అన్నాడు.