హన్నా సరిచేసిన హోరు

రాజోలు సెంటర్లో రేడియోలు బాగుచేసే కొట్టు ఇప్పటికీ ఉందంటే పొరుగూరివాళ్లు నవ్వుతారు. ఉంది మరి. నడిపేది హన్నా. వయసు యాభై రెండు, మాట పెళుసు, చెవి పాము చెవి. తండ్రి సుందరరావు పోయాక కడుపు నిండడానికి మిక్సీలు, ఫ్యాన్లు కూడా చూస్తోంది గాని, మనసంతా రేడియోల మీదే. సెట్టు బల్ల మీద పెట్టి మీట తిప్పితే చాలు, మూత విప్పకుండానే జబ్బు చెప్పేది. ఆ పేరే ఆమె కొంప ముంచింది.

కిందటేడు నుంచి వచ్చిన ప్రతి పాత సెట్టుకూ ఒకటే జబ్బు. స్టేషను దగ్గర నుంచి మీటను వెంట్రుకవాసి పక్కకు తిప్పితే, కాలువ లాకుల దగ్గర నీళ్లు దూకుతున్నట్టు హోరు. కొన్ని సెట్లలో ఆ హోరు స్టేషను మాటల్లోకీ చొరబడేది. హోరు వచ్చిందంటే సెట్టు చెడినట్టే అని తండ్రి నేర్పాడు. ఇంకేం, హన్నా మూతలు విప్పింది, కండెన్సర్లు మార్చింది, లోపలి చిన్న చిన్న మరలు తిప్పి తిప్పి హోరు అణిచింది. దాంతోపాటు స్టేషను కూడా నీరసించిపోయింది. కొట్లో సెట్టుకు పొడుగాటి ఏరియల్ తీగ తగిలించి చూస్తుంది, ఆ తీగతో నీరసించిన సెట్టూ గట్టిగానే పలుకుతుంది కాబట్టి ఆ సంగతి ఆమెకు తెలియలేదు.

అలా బాగుపడిన వాటిలో వీరబాబు సెట్టు ఒకటి. అతను అంతర్వేది దగ్గర పల్లిపాలెంలో పడవ ఉన్నవాడు. సముద్రంలో కొంత దూరం పోయాక సెల్లు పనిచేయదు, గాలి కబురు చెప్పేది ఆ రేడియోనే. మార్చిలో ఒక మధ్యాహ్నం అది మూగబోయింది. ఒడ్డున అందరూ విన్న హెచ్చరిక పడవలో ఉన్న నలుగురికీ అందలేదు. వలలు పోయాయి, వీరబాబు తమ్ముడి చెయ్యి విరిగింది. ప్రాణాలతో రావడమే గొప్ప.

ఏప్రిల్లో వేట నిషేధం మొదలయ్యాక వీరబాబు వచ్చి సెట్టు బల్ల మీద పెట్టాడు.

“మీరు బాగుచేసిందేనండి. ఇంక మాకొద్దండి, ఉంచేసుకోండి” అని వెళ్లిపోయాడు.

తిట్టినా బాగుండేది. హన్నా సెట్టు విప్పి ఎన్నిసార్లు చూసినా తప్పు దొరకలేదు. జూన్ నడిమికి నిషేధం తీరుతుంది, పడవలు మళ్లీ వెళతాయి. ఈలోగా దీని సంగతి తేల్చకపోతే కొట్టు మూసేస్తానని తనకు తానే ఒట్టు పెట్టుకుంది.

జూన్ మొదటి ఆదివారం చర్చి అయ్యాక, పిన్ని కొడుకు రవికుమార్ కొత్త కారులో ఎక్కించుకున్నాడు. కాలేజీ లెక్చరరు, కొత్త వస్తువంటే చెవి కోసుకుంటాడు. కారు రేడియోలో వార్తలు వస్తున్నాయి. గరగర లేదు, మనిషి పక్కన కూర్చుని చెప్పినంత స్వచ్ఛంగా ఉంది. తెర మీద నంబరు చూసి హన్నా ఉలిక్కిపడింది.

“ఒరేయ్, ఈ నంబరు దగ్గర హోరు కదరా ఉండేది!”

“ఆయ్, ఆ హోరే ఇది అక్కా” అన్నాడు రవికుమార్. “ఒకే స్టేషను నుంచి పాతదీ కొత్తదీ పక్కపక్కనే పంపుతున్నారు. పాత పద్ధతిలో గొంతు ఎగుడుదిగుళ్లనే తరంగం మీద ఎక్కిస్తారు. డిజిటల్లో గొంతును అంకెలు చేసి, సన్నటి పోగులుగా పంచి పంపుతారు. కొత్త సెట్టు ఆ అంకెలన్నీ ఏరుకుని మళ్లీ మాట చేస్తుంది. అంకెలు రాని పాత సెట్టుకి అది ఒట్టి హోరు.”

హన్నాకు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

“అంటే ఇన్నాళ్లూ ఒంట్లో బాగున్నవాళ్లకి ఆపరేషన్లు చేసేనన్నమాట” అంది. “కొట్టు దగ్గర ఆపు. నా సెట్టు తెచ్చుకుంటాను. అంతర్వేది దాకా పోనీ.”

దారంతా కారులో కొత్తదీ ఒళ్లో పాతదీ వింది. పాటకు కారే బాగుందని ఒప్పేసుకుంది, ఆమెకు మొండితనం ఉంది గాని మూర్ఖత్వం లేదు. ఐసు ఫ్యాక్టరీ పక్కన కరెంటు తీగల కిందికి రాగానే కారు రేడియో ఠక్కున ఆగిపోయింది. ఒళ్లో సెట్టు మాత్రం గొంతు రాసుకుపోయినా గొణుగుతూనే ఉంది, చెవి పెడితే మాట తెలుస్తోంది. అంకెలు చాలినన్ని అందకపోతే కొత్తది నోరే విప్పదని రవికుమార్ చెప్పాడు. పడవకు ప్రస్తుతానికి ఏది కావాలో హన్నాకు అర్థమైంది.

ఆ మర్నాటి నుంచి వీరబాబు సెట్టు పట్టుకుని కొబ్బరితోటలో కూర్చుంది. ఏరియల్ తీగ లేకుండా, తాను తిప్పిన ప్రతి మరనూ వెనక్కి తిప్పింది. హోరు తిరిగొచ్చింది, స్టేషనూ తిరిగొచ్చింది. మిగతా సెట్ల వాళ్లందరి ఇళ్లకూ కబురు పెట్టింది, తప్పు తనదేనని. ఆ తర్వాత పల్లిపాలెం బస్సెక్కింది.

“మీ సెట్టుకి ఏ జబ్బూ లేదు వీరబాబు గారూ. నేనే పాడుచేసేను. మీ తమ్ముడి చెయ్యి నావల్లే విరిగింది” అంది వాకిట్లో నిలబడి.

వీరబాబు సెట్టు అందుకోలేదు. “ఒడ్డున పలికితే ఏం లాభమండి? బాగుచేసిన రోజూ మీ కొట్లో పలికిందిగా.”

“అయితే సముద్రంలోనే చూద్దాం. నేనూ వస్తాను.”

వేటపడవలో ఆడవాళ్లు కాలు పెట్టరు ఆ ఊళ్లో. వీరబాబు తల అడ్డంగా ఊపాడు. అతని భార్య బేబి చేపలబుట్ట పక్కన పెట్టి వచ్చింది.

“ఎల్లుండి ఇంజను చూసుకోడానికి ఎలాగూ వెళ్తున్నారు కదా. అది వేటెలా అవుద్ది? తీసుకెళ్లండి” అంది. బేబి మాటకు ఆ ఇంట్లో అప్పీలు లేదు.

ఇంజను చూసుకునే ఆ రోజే నిషేధానికి ఆఖరి రోజు. పడవ కదిలిన కాసేపటికే హన్నా కడుపులో ఉన్నదంతా కక్కేసింది. మొహం కడుక్కుని మళ్లీ సెట్టు దగ్గరే కూర్చుంది. సెల్లులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయి ఖాళీ అయింది. వీరబాబు ఇంజను ఆపాడు, హన్నా మీట తిప్పింది. పక్కనే హోరు, మీద గరగర, వాటి మధ్య నుంచి మాటలు. రేపటి నుంచి మూడు రోజులు బలమైన గాలులు, మత్స్యకారులు సముద్రంలోకి వెళ్లరాదు.

వీరబాబు ఆకాశం వైపు చూశాడు. ఎక్కడా మబ్బు తునక లేదు. రెండు నెలలుగా పొయ్యి ఎలా వెలుగుతోందో అతనికి తెలుసు, హన్నాకూ తెలుసు. నమ్మండి అని అడిగే హక్కు తనకు లేదని ఆమె నోరు మూసుకుంది. అతను పడవ వెనక్కి తిప్పాడు.

ఒడ్డున తమ్ముడు ఒంటి చేత్తో సైగలు చేస్తూ ఐసు పెట్టెలు రేవుకి చేర్పిస్తున్నాడు. తెల్లారితే మొదటి వేట.

“ఐసు వెనక్కి పంపేయండి. మూడ్రోజులు ఆగుదాం” అన్నాడు వీరబాబు.

“అదేంటన్నయ్యా, సెల్లులో ఇంకా ఏం రాలేదే? ఎవరు చెప్పేరు?”

వీరబాబు హన్నా చేతిలోంచి సెట్టు తీసుకుని చంకన పెట్టుకున్నాడు.

“మన రేడియో చెప్పిందిరా” అన్నాడు.