ఫోన్లో సీరియస్ అన్నారంటే

మొన్న అటక దులుపుతుంటే పాత తువ్వాలలో చుట్టిన ల్యాండ్‌లైన్ ఫోను దొరికింది. రిసీవరు ఎత్తితే వచ్చింది దుమ్ము వాసనే గానీ, నా ముక్కుకు మాత్రం ధరూర్ పక్కన మా ఊరి వాడకట్టు ఆడవాళ్లందరి కొబ్బరినూనె వాసన తగిలింది. అందరికీ అదొక్కటే ఫోను మరి.

ఆ రోజుల్లో సీరియస్ అనే మాట మాకు ఉప్పూ కారం లాంటిది. నవ్వని పంతులు సీరియస్, కల్లంలో పంట ఉండగా మబ్బు పడితే అదీ సీరియస్. కానీ ఫోన్లో ఆ మాట వస్తే మనిషి పోయినట్టే. చావు కబురు నేరుగా చెప్పకూడదని పెద్దల పద్ధతి.

నాకు పదకొండేళ్లప్పుడు, ఇల్లంతా పచ్చి పల్లికాయల మట్టి వాసన నిండిన రోజుల్లో, అమ్మ చేనుకు పోయిన పొద్దుటి పూట, అయిజ నుంచి మామ ఫోను చేశాడు.

“అమ్మమ్మకు సీరియస్ ఉంది, అమ్మను జల్ది తోలుకరమ్మని నాయినకు చెప్పు.”

అతని వెనక దగ్గు వినిపించింది. మూడుసార్లు దగ్గి చివర్న “శివా” అనుకోవడం అమ్మమ్మ అలవాటు.

కబురు వినగానే నాయిన మంచం మీద కూలబడ్డాడు.

“అమ్మమ్మ దగ్గుతుంది నాయినా, నేను విన్న.”

“ఫోన్ల సీరియస్ అన్నరంటే గంతే బిడ్డా. నీకు తెల్వదు, ఊకో. అమ్మకు గిప్పుడే చెప్పకు.”

ఇక తొందరేముంది అనుకున్నారు. పోయిన మనిషికి కూతురింటి చీర, పూలదండ పోవాలని గద్వాలకు మనిషిని పంపారు, ఇటిక్యాల నుంచి పెద్దనాయన వచ్చేదాకా జీపు ఆపారు. చేను నుంచి వచ్చిన అమ్మ అందరి మొహాలూ చూసి, గడప మీద కూచుని కొంగు నోట్లో కుక్కుకుంది. నేను జీపు పక్కన నిలబడి, మళ్లీ చెప్పాలా, చెబితే కొడతారా అని చేతులు నలుపుకుంటూ, గోడ మీద ఎండ దిగిపోవడం చూశాను.

పొద్దు వాలాక అయిజ చేరాం. మామ ఎదురొచ్చి అమ్మను పట్టుకుని ఏడ్చాడు.

“గిప్పటిదాంక ఏడున్నవే అక్కా? గంట కిందటిదాంక నీ పేరే తలిసింది.”

“సీరియస్ అంటివి గద!” అన్నాడు నాయిన.

“సీరియస్ ఉంటేనే గద బావా అన్నది!”

అమ్మ లోపలికి ఉరికి అమ్మమ్మ పాదాలు పట్టుకుంది. అవింకా వెచ్చగానే ఉన్నాయి. నాయిన చీర పొట్లం వీపు వెనక దాచుకుని వాకిట్లోనే నిలబడిపోయాడు.

ఇప్పుడు ఆ ఫోన్లు లేవు, ఆ జీపులు లేవు, సెల్లులో మనిషి మొహమే కనిపిస్తుంది. అయినా ఎవరైనా సీరియస్ అంటే, “ఉన్నరా, పోయిండ్రా? ఒక్కటే ముక్క చెప్పు” అని మొహమ్మీదే అడుగుతాను. దీనిది రాతిగుండె అంటారు. అననీ.

చేతిలో ఫోను చూసి అమ్మ, “ఇంక దేనికే అది, పారెయ్” అంది. తుడిచి మళ్లీ తువ్వాలలో చుట్టాను. ఆ దగ్గు నేను విన్నానని అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.