కమానుకు తలంటు

నిన్న తెనాలిలో ఒక పెళ్ళి హాలు వెనక గదిలో ఈవెంట్ మేనేజరు కొబ్బరినూనె సీసా మూత తిప్పాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే నా ఒళ్ళు మండింది. కొబ్బరినూనె వాసనకు ఎవరికైనా వాళ్ళమ్మ గుర్తొస్తుంది. నాకు రత్నకుమారి టీచరుగారి కోపం గుర్తొస్తుంది. ఆవిడ పోయి ఏడాది దాటింది. కోపాన్ని మాత్రం నా దగ్గరే వదిలేసి వెళ్ళారు.

టీచరుగారిది బాపట్ల. చర్చిలో వయొలిన్ వాయించేవారు. నేను ఏడో తరగతితో బడి మానేసి, తెనాలిలో మా అబ్బా టైలరింగు కొట్లో కాజాలు కుట్టేదాన్ని. జాకెట్టు కోసం వచ్చిన ఆవిడ నా చేతి వంక చూస్తూ నిలబడిపోయారు. "నీ పేరేంటమ్మా?" "షమీమండి." "సూది పట్టుకుంటే నీ చెయ్యి బిగుసుకోదు, వణకదు. ఆ చెయ్యి నాకిస్తావా?" మా అబ్బా నవ్వి, "చెయ్యి ఒక్కటే అమ్మం టీచరుగారూ, పిల్లనంతా తీసుకెళ్ళండి" అన్నాడు.

అప్పటికే ఆవిడ దగ్గర ముగ్గురున్నారు. మాధవి, శ్రీను వయొలిన్లు వాయించేవాళ్ళు. రేపల్లె నుంచి వచ్చే ప్రకాశ్‌ది చెల్లో, అంటే మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే మనిషంత వయొలిన్. దాంతో బస్సెక్కితే కండక్టరు, "ఏంటి బాబూ, మీ మావయ్యా? ఆయనక్కూడా టికెట్టు కొట్టమంటావా?" అనేవాడు. నాకు వయోలా ఇచ్చారు. వయొలిన్ కంటే కాస్త పెద్దది, గొంతు కాస్త లోతు. "దీన్ని ఎవరూ పట్టించుకోరేమోనండి" అన్నాను ముఖం ముడుచుకుని. "కూరలో ఉప్పుని ఎవడు పట్టించుకుంటాడే? వెయ్యడం మానేసి చూడు, కంచం విసిరికొడతారు" అన్నారు.

మాకు తాళం వేసేవాళ్ళు లేరు. ముందుండి నడిపేవాళ్ళూ లేరు. నలుగురం ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఒకేసారి ఊపిరి పీల్చాలి. ఆ ఊపిరి మీదే మొదటి స్వరం పడాలి. ఎవరైనా రవ్వంత ముందు పీల్చామా, మోకాలి మీద పెన్సిలుతో టక్కున ఒక్కటిచ్చేవారు. "మళ్ళీ!" ఆర్నెల్లు ఆ ఊపిరితోనే సరిపోయింది.

మూడేళ్ళకు మాకు పేరు కోసం ఆకలి పుట్టింది. మా నలుగురి వాయింపు వినడానికి హైదరాబాదు నుంచి ఒక సంగీత సభవాళ్ళు బాపట్ల వస్తామన్నారు. నచ్చితే పెద్ద వేదికలు ఇప్పిస్తారు. వాళ్ళొచ్చేది ఆదివారం. మేము బుద్ధి లేక, టీచరుగారికి చెప్పకుండా, అంతకుముందు శుక్రవారమే రేపల్లెలో ఒక పెళ్ళి విందు ఒప్పుకున్నాం. తీరా వెళ్ళాక అక్కడి మేనేజరు పెన్‌డ్రైవ్ చూపించి, "మ్యూజిక్కు స్పీకర్లలో వచ్చేస్తుందండి. మీరు ఊరికే ఊపండి, వీడియోకి బాగుంటది" అన్నాడు.

"మేం వాయిస్తామండి" అన్నాడు శ్రీను.

"మీ వాయింపు ఎవరిక్కావాలి బాబూ? కోటు బాగుంది, పెట్టె బాగుంది. ఇది చేస్తే చీరాల దాకా పెళ్ళిళ్ళన్నీ మీవే."

అప్పుడే లేచి వచ్చేయాల్సింది. రాలేదు. తీగల మీద లాగే కమాన్లు చప్పుడు చేయకుండా అతను కొబ్బరినూనె సీసా ఇస్తే, అందుకుని నలుగురి కమాన్లకూ నేనే రాశాను. నా దానికైతే జడకు పట్టించినంత శ్రద్ధగా పట్టించాను. కమాను వెంట్రుకలకు రోజిన్ అనే జిగురు ముక్క రుద్దితేనే అవి తీగను పట్టి మోగిస్తాయి. నూనె తగిలిన కమాను మూగది. అది తెలిసే రాశాను. గంటసేపు బొమ్మల్లా ఊపాం. జనం చప్పట్లు కొట్టారు. తలుచుకుంటే ఇప్పటికీ అవి చెంపదెబ్బల్లాగే వినిపిస్తాయి.

శనివారం బాపట్లలో సాధనకు కూర్చుంటే, ఎంత రోజిన్ రుద్దినా కమాన్లు జారిపోతున్నాయి. టీచరుగారు నా కమాను అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"కొబ్బరినూనె. ఎవరు రాశారు?"

"నేనండి."

"ఎందుకు?"

"మోగకుండా ఉండటానికండి."

ఆవిడ కమాను బల్ల మీద పడేశారు. తర్వాత మొదలుపెట్టారు. "మోగించడం మూడేళ్ళు నేర్పాను. మోగకుండా ఉండటం ఒక్క పూటలో నేర్చుకున్నారే! మూగ కమాను పట్టుకుని కుర్చీలో కూర్చునేకంటే గరిటె తీసుకుని కంచం వాయించు. అదైనా నీ చప్పుడు!"

కొత్త వెంట్రుకలు వేయించాలంటే కమాన్లు చెన్నై పంపాలి. సభవాళ్ళు వచ్చేది మర్నాడే. ఆవిడ తిడుతూనే వంటింట్లోకి వెళ్ళి కుంకుడుకాయలు కొట్టి వేడినీళ్ళలో వేశారు. కమాను కర్రలకు తడి తగలకుండా పాత గుడ్డలు చుట్టించారు. "గుర్రపు తోక వెంట్రుకలే కదా. కూర్చోండి, తలంటండి" అన్నారు. పెరట్లో బండ మీద వరసగా కూర్చుని, వెంట్రుకలకు నురగ పట్టించాం. పక్కింటావిడ గుడ్డలు చుట్టిన కర్రల్ని గోడ మీంచి చూసి, "ఏంటి టీచరుగారూ, బొమ్మలకి స్నానమా?" అంది.

"బొమ్మలకే వదినా. రేపటికి మనుషులవుతారేమో చూద్దాం."

తెల్లారేసరికి మూడు కమాన్లు దారికొచ్చాయి. నాది రాలేదు. టీచరుగారు తన కమాను తెచ్చి నా చేతిలో పెట్టారు. "జాలిపడ్డాననుకోకు. నీ మీద కోపం తగ్గలేదు. నీకూ నీ మీద కోపంగానే ఉంటుంది. ఉండనీ. కోపంగానే వాయించు, కానీ వాయించు." వాయించాను. సభవాళ్ళు మమ్మల్ని పిలిచారు, ఊళ్ళు తిరిగాం. ఆ కమాను మాత్రం ఆవిడ మళ్ళీ అడగలేదు.

నిన్నటి మేనేజరుదీ అదే పెన్‌డ్రైవ్, అదే సీసా. నేను సీసా మూత బిగించి అతని చేతిలోనే పెట్టాను. "ట్రాక్ వేసుకుంటే వేసుకోండి. మేం మాత్రం వాయిస్తాం. మీ పాటా వినపడుద్ది, మాదీ వినపడుద్ది. పెళ్ళివాళ్ళు అడిగితే మీరే చెప్పుకోండి."

"రేపట్నుంచి మిమ్మల్ని ఎవడు పిలుస్తాడో నేనూ చూస్తా" అని పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

వెళ్ళి కుర్చీల్లో కూర్చున్నాం. ఎదురుగా సగం మంది ఐస్‌క్రీము దగ్గరున్నారు. టీచరుగారి కమానుకు రోజిన్ గట్టిగా రుద్దాను. ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఊపిరి పీల్చాం. కోపంలో నా ఊపిరి రవ్వంత ముందు పడింది. మోకాలి మీద ఎవరో టక్కున కొట్టినట్టయింది. నేను కమాను దించాను. ముగ్గురూ నాకోసం ఆగారు. మళ్ళీ పీల్చాం.