పిప్పరమెంటు మామయ్య

మా చెల్లెలి మొగుడు స్కూలు వ్యాను నడుపుతాడు. పిల్లలు ఎక్కేటప్పుడు తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి చేతిలో పిప్పరమెంటు బిళ్ళ పెడతాడు, తనూ ఒకటి నోట్లో వేసుకుంటాడు. అందుకని వీధి వీధంతటికీ అతను పిప్పరమెంటు మామయ్య. ఇలాంటి మనిషి దొరకడం మీ చెల్లెలి అదృష్టమని తల్లులంతా నాకే వచ్చి చెబుతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

మా ఆయన బతికున్నన్నాళ్ళూ తాగాడు. ఆయన తాగితే వీధి చివరిదాకా తెలిసేది. పాటలు, తిట్లు, సైకిలు పడ్డ చప్పుడు, అన్నీ వరసగా వినిపించేవి. ఈ మహానుభావుడు తాగితే పక్కలో పడుకున్న పెళ్ళానికి కూడా తెలియదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా గ్లాసు అందిస్తే, "మనకు అలవాటు లేదండీ" అని రెండు చేతులూ జోడిస్తాడు. అప్పుడు మా చెల్లి నావైపు చూసే చూపు ఉంటుంది చూడండి, చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

నేను కుట్టుపని చేస్తాను. నా మిషను కిటికీ పక్కనే, కిటికీకి ఎదురుగా వాళ్ళ వాకిలి. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుంటే మరిది చెయ్యి వణికేది. గ్లాసు గట్టు మీద పెట్టి, తల వంచి జుర్రుకునేవాడు. తర్వాత ఇంజను చూసుకోవాలంటూ బానెట్ ఎత్తి దాని వెనక దూరేవాడు. బానెట్ దించేసరికి చెయ్యి కుదురుగా ఉండేది, సూదిలో దారం ఎక్కించమన్నా ఎక్కించగలడు. మధ్యాహ్నం ఖాళీ వ్యానుతో వచ్చినా మళ్ళీ ఆ బానెట్టే. బండిని అంతగా చూసుకునే మనిషి, అద్దం మీద దుమ్ము పడితే మాత్రం బానెట్ కింది డబ్బాలోంచి నీళ్ళు చిమ్మే మీట ముట్టుకోడు. దిగి గుడ్డతో తుడుస్తాడు. బురద పడ్డా అంతే.

చెల్లికి చెప్పాను. "చెయ్యి వణికినప్పుడు కాదే, వణకనప్పుడు తాగి ఉంటున్నాడు."

"నీ మొగుడు తాగుబోతైతే అందరి మొగుళ్ళూ తాగుబోతులేనా అక్కా? నా కాపురం చూసి ఓర్వలేకపోతున్నావు."

"శనివారం స్కూలు పిల్లల్ని కొండ మీదికి తీసుకెళ్తున్నాడు. మలుపులన్నీ లోయ పక్కనే. నీ కూతురూ ఆ వ్యానులోనే ఉంటుంది."

"నా కూతురి సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు నీ మిషను చూసుకో."

నోరు మూసుకుని కూర్చోవడం నాకు పుట్టుకతో రాలేదు.

శనివారం పొద్దున వాళ్ళ వాకిట్లో వ్యాను చుట్టూ తల్లులు మూగారు. మరిది అప్పుడే బానెట్ దించి, ఇంజను ఆన్ చేసి, వెనక తలుపు దగ్గర పిప్పరమెంట్లు పంచుతున్నాడు. చెల్లి కూతురు ముందు సీట్లో కూర్చుంది. నేను డ్రైవరు వైపు కిటికీలోంచి చెయ్యి పెట్టాను. ఏ మీటో తెలియక మొదట లైట్లు వెలిగించాను. రెండో మీట లాగాను.

అద్దం మీదికి రెండు ధారలు చిమ్మాయి. గాలికి ఆ తుంపరలు నా మొహాన పడ్డాయి. ఆ కంపు నాకేం కొత్తా, దానితోనే కదా కాపురం చేశాను.

మరిది పరుగెత్తుకొచ్చి తాళాలు లాగేసుకున్నాడు. "ఏంటి వదినా ఇది? అది అద్దాలు తుడిచే క్లీనరు, కొత్త రకం."

"ఆ రకం తాగే మా ఆయన పోయాడు" అన్నాను.

చెల్లి నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. "ఇంతమందిలో మా పరువు తియ్యాలనే కదా పొద్దున్నే తయారయ్యావు? నువ్వసలు అక్కవేనా?"

కిటికీలోంచి పిల్ల తల బయటపెట్టింది. "అమ్మా, పెద్దమ్మను ఎందుకు తిడుతున్నావు? అది నాన్న వాసనేగా. పిప్పరమెంటు వేసుకోకముందు నాన్న దగ్గర ఇదే వస్తుంది."

ఒక తల్లి తన కొడుకును వ్యానులోంచి దింపుకుంది. ఆ వెనకే ఇంకొకామె. చెల్లి నా జబ్బ వదిలేసింది. నావైపు చూడను కూడా చూడలేదు.

"తాళాలు ఇలా ఇవ్వండి" అంది మొగుడితో.

అతను ఇచ్చాడు. చెయ్యి కొంచెం కూడా వణకలేదు.