కంప్యూటర్‌కు నీళ్లు కట్టిన నందిని

రోహిణి కార్తె ఎండలో, మిర్యాలగూడలోని రేకుల ఇంట్లో, హరిలాల్ చిన్నబిడ్డ నందిని కంప్యూటర్ పొద్దున ఎత్తుకున్న పనిని పొద్దుగూకే దాకా ఒక్కసారి కూడా ఆగకుండా ముగించింది. అది ఆమె మొదటి గెలుపు. ఊరికే రాలేదు.

ఇల్లు కట్టించేవాళ్లకు, కట్టకముందే ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో రంగులతో, నీడలతో బొమ్మ చేసి చూపించడం నందిని పని. ఒక్క బొమ్మకు కంప్యూటర్ గంటల తరబడి కష్టపడాలి. ఎండాకాలం వస్తే పెనంలా కాలిపోయి సగంలో ఆగిపోయేది. మూత ఊడదీసింది, పక్కన ఫ్యాన్ పెట్టింది, ఫలితం లేదు. ఇక నీళ్లతోనే చల్లార్చాలని పట్టుబట్టింది. సూర్యాపేటలో పాత బండ్ల సామాన్లు అమ్మే చోట చిన్న కారు రేడియేటర్ వెతికి పట్టుకుంది. లేత్ షాపులో రాగి దిమ్మెను లోపల తొలిపించింది. మేస్త్రీలు మట్టం చూసే లెవల్ పైపు, కూలర్ మోటరు, ఒక టబ్బు తెచ్చింది. టబ్బులోని నీళ్లు, కంప్యూటర్‌లో వేడెక్కే చోట ఆనించిన రాగి దిమ్మెకు పోయి వేడిని మోసుకొస్తాయి, రేడియేటర్‌లో చల్లబడి మళ్లీ టబ్బులో పడతాయి. చెప్పడానికి ఇంతే. కంప్యూటర్‌కు తగిలించకముందు కింద పాత పేపర్లు పరిచి తిప్పి చూస్తే, పేపర్ తడవని రోజు లేదు. పైపు అతుకులకు స్క్రూ క్లిప్పులు బిగించాక గానీ ఆ పేపర్ పొడిగా మిగల్లేదు.

ఆగని మిషన్ చేతికొచ్చాక నందిని సొంత దుకాణం పెడదామనుకుంది. బస్టాండ్ దగ్గర షట్టర్ మాట్లాడింది. బోర్డు కూడా రాయించింది.

ఈ పిల్లకు నీళ్ల తెలివి ఎక్కడిదని ఎవరన్నా అడిగితే హరిలాల్ తన కథ ఎత్తుకునేవాడు. పెన్‌పహాడ్ దిక్కు తండాలో పుట్టి, అయిదో తరగతి దాకా చదివి, వేములపల్లి దగ్గర సాగర్ కాలువ మీద లష్కర్‌గా తూములు ఎత్తి దించిన మనిషి. కరువు ఏడాది చివరి మడి దాకా నీళ్లు పారించినందుకు పెద్ద ఆఫీసరు మెడలో దండ వేశాడు. నందిని చిన్నప్పుడు కట్ట మీద కూర్చుని నీటి మట్టం చూపే గేజీ చదివేది.

"నా బిడ్డ గేజీ సదివినంకనే అ ఆలు సదివింది" అనేవాడు.

"పిల్ల గెలిస్తే నీ దండ యాదికొస్తదేందయ్యా?" అని భార్య నీలా దెప్పేది.

కోదాడలో ఇళ్లు కట్టి అమ్మే ధనుంజయ్ ఒకరోజు తన బొమ్మ తీసుకుపోవడానికి వచ్చాడు. పైపులో పారుతున్న నీళ్లను చూసి ఆశ్చర్యపోయాడు.

"ఇదేంటండీ, కంప్యూటర్‌కి సెలైన్ ఎక్కించారా?"

నందిని నోరు విప్పేలోపే హరిలాల్ మంచం మీంచి లేచాడు.

"నేనే పెట్టిచ్చిన సార్. ముప్పై ఏండ్లు కాలువ నడిపినోణ్ణి. నీళ్లు ఎటు పోవాల్నో నాకెరికే."

"అలాగా పెద్దాయనా! మా ఆఫీసులోనూ ఇదే బాధ. వెంచర్ బొమ్మలన్నీ ఆ మిషన్‌లోనే ఉన్నాయి, మధ్యాహ్నానికి పడుకుంటోంది. దానికీ పెడతారా?"

"పెడ్త. మాటంటే మాటనే."

నందిని మొహంలో నవ్వు ఆగిపోయింది. అతను వెళ్లాక అంది: "జర ఆగు బాపూ. క్లిప్పులు లేవు. రేపు సూర్యాపేట పోయి తెస్త, ఇద్దరం కలిసి పోదాం."

"తే బిడ్డా. నేనేడికి పోత?"

తెల్లారి నందిని సూర్యాపేట బస్సెక్కాక, వాకిట్లో తెల్ల కారు వచ్చి ఆగింది. ధనుంజయ్ పంపిన కారు. హరిలాల్ బతుకులో అతని కోసం ఒక బండి వచ్చి ఆగింది ఆ రోజే. కట్ట మీద ఆఫీసర్ల జీపు దుమ్ము రేపుకుంటూ పోతే, తూము తెరవడానికి వెనక ఉరికిన మనిషి అతను.

"పిల్లను రానియ్యి. కారు యాడికి పోదు" అంది నీలా.

"కారును వాకిట్ల నిలవెట్టుడు మర్యాదనా?"

ఒకటి చెడితే ఇంకొకటి ఉంటుందని నందిని క్లిప్పులు తప్ప ప్రతి సామానూ రెండేసి తెచ్చి పెట్టుకుంది. ఆ రెండోవి సంచిలో వేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హరిలాల్ కారెక్కాడు. బిగించడం అతనికి కొత్త కాదు. నందిని బిగిస్తుంటే టార్చి పట్టింది అతనే.

కానీ నందిని టబ్బు ఎప్పుడూ నేల మీదే ఉండేది. "పైపు ఊడి మోటరు బంద్ చేస్తే నీళ్లు టబ్బుల్నే ఉండాలె బాపూ" అని ఒకసారి చెప్పింది. పిల్లల భయం అనుకున్నాడు. నీరు పల్లమెరుగు, ఎత్తున పెడితే మోటరుకు భారం తగ్గుతుందని కోదాడలో టబ్బును బీరువా మీద పెట్టాడు. క్లిప్పుల బదులు సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి కట్టాడు. మోటరు తిరిగింది. ఆఫీసంతా చుట్టూ నిలబడి చూసింది. కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు, అతను కరువు ఏడాది కథ చెప్పాడు. కారులోనే తిరిగొచ్చాడు.

మధ్యాహ్నం అక్కడ నీళ్లు వేడెక్కాయి. లెవల్ పైపు మెత్తబడి దిమ్మె నుంచి జారింది. బీరువా మీది టబ్బు నీళ్లన్నీ మిషన్‌లోకి దిగాయి. వెంచర్ బొమ్మలు ఒక్కటీ మిగల్లేదు.

మర్నాడు ధనుంజయ్ స్వయంగా వచ్చాడు. తిట్టలేదు.

"కావాలని చేశారా పెద్దాయనా, పోనివ్వండి. కానీ కొనేవాళ్లకి చూపించడానికి ఒక్క బొమ్మా లేదు. మళ్లీ ఎవరు చేస్తారు?"

"నేను చేస్త, అన్నా. మా బాపు మాటిచ్చిండు" అంది నందిని.

ఇంటి నుంచి చేస్తే కుదరదన్నాడతను. కొనేవాళ్లు పూటకో మార్పు అడుగుతారు, ఎదుటే ఉండాలి. నందిని షట్టర్ వద్దని చెప్పేసింది. బోర్డును గోడవైపు తిప్పి పెట్టింది. పైపులు విప్పి కంప్యూటర్ సర్దుకుంది. టబ్బు వెంట తీసుకుపోలేదు. కోదాడలో ఆమె గదికి ఏసీ పెట్టించారట.

బస్సెక్కే ముందు ఒక్క మాట అడిగింది: "పెట్టింది నా బిడ్డ అని చెప్తే ఏమయితుండె బాపూ?"

హరిలాల్ ఆమె సంచి బస్సులోకి అందించాడు.

ఇప్పుడు ఎవరన్నా నందిని ఏదని అడిగితే హరిలాల్ కాలువ కథ ఎత్తడు. "కంప్యూటర్‌కు నీళ్లు కట్టింది నా బిడ్డ. నేను టార్చి పట్టిన, గంతే" అంటాడు. లోపలి నుంచి నీలా, "గీ మాట గా రోజు అనకపోతివి" అంటుంది. అతను లేచిపోయి బోర్డు మీది దుమ్ము తుడుస్తాడు. ఆ షట్టర్‌లో ఇప్పుడు ఎవరో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నారు. వేరే షట్టర్ కోసం రోజూ తిరుగుతున్నాడు, ఇంకా దొరకలేదు.

బొమ్మలు చివరికొచ్చాయని మొన్న ఫోన్ వచ్చింది. నందిని వచ్చేది ఆగస్టు ఇరవై మూడు, ఆదివారం.